పుట్టినరోజుకు బెలూన్ ఎక్కించాలంటే

మా అక్క యాభయ్యో పుట్టినరోజుకు ఆమెను హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కించాను. బెలూన్ కింద వేలాడే బుట్టలో నిలబడి నవ్వుతున్న ఆమె ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. హన్మకొండ చౌరస్తాలో ఎదురుపడినవాళ్లు అడిగారు, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు అడిగారు, పాలు పోసే అన్న కూడా అడిగాడు: "ఎక్కడ? ఎంతయితది? మా ఇంటామెకు పుట్టినరోజు కానుకగా ఇయ్యొచ్చా?" అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. ఆ ఫోటో మా రెండో ప్రయాణంలోది. మొదటిసారి మూడు రోజులు రైళ్లలో తిరిగి, బెలూన్ ముఖం కూడా చూడకుండా ఇంటికొచ్చాం. తప్పు ఎవరిదీ కాదు, నాదే. పుట్టినరోజు ఏ తేదీనో ఆ తేదీకే ఎక్కాలని పట్టుబట్టాను. గాలికి మన క్యాలెండర్‌తో పని లేదు. కింద చెప్పేవాటిలో సగం ఆ తప్పు చుట్టూనే తిరుగుతాయి.

కావాల్సినవి

- డబ్బు: తాళ్లు విప్పి ఎగిరే బెలూన్‌కు (తాళ్ల సంగతి కింద 2లో చెప్తా) మన దేశంలో మనిషికి పది వేలకు పైమాటే. రైలు, గది ఖర్చులు వేరు.
- చేతిలో మూడు ఉదయాలు. ఒక్కటి చాలదు.
- ఎక్కబోయే మనిషి ఒప్పుకోలు, నిజమైన బరువు, ఆరోగ్యం సంగతి.
- గుర్తింపు కార్డు.
- వేళ్లు కప్పే బూట్లు, కాటన్ బట్టలు, టోపీ, చలికోటు.
- తెల్లవారుజామున నాలుగింటికి లేవగల ఓపిక. సరదాకు రాయలేదు, దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు.

1. సర్‌ప్రైజ్ ఇవ్వండి, కానీ సగమే

సినిమాల్లోలాగా కళ్లకు గంతలు కట్టి బెలూన్ ముందు నిలబెట్టి గంతలు విప్పే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఎక్కే మనిషికి ఎత్తంటే భయమా, గుండె జబ్బు ఉందా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా, నడుము, మోకాళ్లు ఎలా ఉన్నాయి అన్నది ముందే తేలాలి. గర్భిణులను ఎక్కించరు. చిన్న పిల్లలకు వయసు, ఎత్తు హద్దులుంటాయి. బుట్ట అంచు ఒక పిల్లవాడి తలకంటే పైన ఉంటే వాడికి కనబడేది బుట్ట అల్లికే.

కానుక ఏమిటో చెప్పేయండి. ఎక్కడ, ఎప్పుడు అన్నది దాచుకోండి. ఆ మాత్రం సర్‌ప్రైజ్ చాలు.

ఇంటి దగ్గరే చేసుకునే మూడు పరీక్షలు:

ఒకటి, నాలుగంతస్తుల డాబా మీద పిట్టగోడ పక్కన నిలబడి కిందికి చూడమనండి. కాస్త గుండె దడ ఉంటే ఫర్వాలేదు. కాళ్లు వణికి కూర్చుండిపోతే ఆలోచించాలి. బాల్కనీలో భయపడేవాళ్లు కొందరు బెలూన్‌లో హాయిగా ఉంటారు. భూమికీ తమకూ మధ్య గోడలాంటిదేదీ కిందిదాకా కనబడదు కాబట్టి లోతు అంతగా తెలియదంటారు. దాన్ని నమ్ముకుని భయస్తులను బలవంతంగా మాత్రం ఎక్కించకండి.

రెండు, ట్రాక్టర్ ట్రాలీలోకి ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగగలరా? బుట్టకు తలుపుండదు, చాలావాటికి. పక్కన కాలు పెట్టే రంధ్రాలుంటాయి, వాటిమీద కాలుంచి ఛాతీ ఎత్తు గోడ దాటాలి.

మూడు, గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, సగం కూర్చున్నట్టు ఒక నిమిషం ఉండగలరా? దిగేటప్పుడు ఉండాల్సిన భంగిమ దాదాపు అదే. మా అక్క దీంట్లో ముప్పై సెకన్లకే "తమ్మీ, ఇక నాతోని కాదు" అంది. నెల రోజులు పొద్దున మా ఊరి భద్రకాళి చెరువు కట్ట మీద నడిచాక నిమిషం నిలబడింది.

భయం తీరడానికి ఒక చిన్న కథ పనికొస్తుంది. 1783 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో మోంగోల్ఫియే సోదరులు తమ బెలూన్‌లో మొదట ఎక్కించింది ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును. మూడూ బతికే దిగాయి. రెండు నెలలకు, నవంబరు 21న, పారిస్‌లో ఇద్దరు మనుషులు ఎగిరారు. మా అక్క ఈ కథ విని, "గొర్రెను అడిగి ఎక్కించిన్రా?" అంది. అడగరు కాబట్టే మీరు అడగండి.

2. తాళ్లతో కట్టిందా, వదిలేసిందా తేల్చుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఉత్సవాల్లో, మైదానాల్లో కనబడే బెలూన్లు చాలావరకు తాళ్లతో కట్టినవి. నూరు అడుగులదాకా లేచి, కొన్ని నిమిషాలకు అక్కడే దిగుతాయి. ధర చాలా తక్కువ. రెండోది వదిలేసింది. గాలి ఎటు తీసుకెళ్తే అటు, ముప్పావు గంట నుంచి గంటదాకా. ఫోటోల్లో చూసి మీరు ఊహించుకుంటున్నది ఈ రెండోదే.

మొదటి దానికి డబ్బు కట్టి రెండోది ఆశించి వెళ్తే పుట్టినరోజు పాడవుతుంది. ఫోన్లో ఇలా అడగండి: "ఎక్కిన చోటే దిగుతామా, వేరే చోట దిగుతామా?" ఎక్కిన చోటే అంటే కట్టిందే. ఎత్తంటే భయమున్నవాళ్లకు, మోకాళ్లు సహకరించని పెద్దలకు, పిల్లలకు అది మంచి కానుకే. చిన్నచూపు చూడాల్సింది కాదు.

3. చోటు, నెల

మా వరంగల్‌లో రోజూ ఎగిరే బెలూన్ లేదు. వేయి స్తంభాల గుడి మీదుగా, కోట తోరణాల మీదుగా ఎగరాలని నాకూ ఉంది కానీ ప్రస్తుతానికి బయటికి పోవాల్సిందే.

జైపూర్: నమ్మకంగా చెప్పగలిగేది ఇదే. దసరా తర్వాత నుంచి హోలీ దాకా ఎగురుతాయి. కోటలు, పల్లెలు, ఆవ చేలు. చెన్నై నుంచి జైపూర్ వెళ్లే సూపర్‌ఫాస్ట్ వరంగల్ మీదుగానే పోతుంది, అయితే రోజూ ఉండదు. లేదంటే శంషాబాద్ నుంచి విమానం. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు పట్టి ఆలస్యమో రద్దో కావచ్చు. నా లెక్కలో ఫిబ్రవరి మేలు.

పొల్లాచ్చి: తమిళనాడులో, కోయంబత్తూరుకు నలభై కిలోమీటర్ల దూరం. పొంగల్ రోజుల్లో అక్కడ బెలూన్ ఉత్సవం జరుగుతుంది. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగొచ్చు. ఉత్సవం కాబట్టి జనం ఎక్కువ, అందరికీ తాళ్లు విప్పిన బెలూన్ దొరకదు.

పుష్కర్ మేళా: రాజస్థాన్‌లో, కార్తీక పౌర్ణమి రోజుల్లో. అజ్మీర్‌లో దిగి వెళ్లాలి. గదుల ధరలు చూసి గుండె ఆగేలా ఉంటాయి.

అరకులో 2017 నవంబరులో బెలూన్ ఉత్సవం జరిగింది, సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లోనూ బెలూన్లు ఎగరేసిన సందర్భాలున్నాయి. ఇవి ఏటా ఉంటాయనుకుని పథకం వేసుకోకండి. ప్రకటన వచ్చాకే టికెట్ల సంగతి.

ఎండాకాలం పుట్టినరోజులవాళ్లు అలగొద్దు. ఎందుకు కుదరదో రెండు ముక్కల్లో చెప్తా, ఇంతకు మించి సిద్ధాంతం లేదు. బెలూన్ లోపలి గాలిని వంద డిగ్రీల దాకా వేడి చేస్తే అది తేలికవుతుంది. బయట 20 డిగ్రీలున్నప్పుడు వెయ్యి ఘనపు మీటర్ల వేడిగాలి సుమారు 250 కిలోలు మోస్తుంది. మన మే నెల లాగా బయట 40 ఉంటే అదే గాలి 180 కిలోలే మోస్తుంది. పైగా ఎండెక్కాక నేల వేడికి గాలి ఎగసి బెలూన్‌ను కుదుపుతుంది. అందుకే చలికాలం, అందుకే తెల్లవారుజాము. మే నెలలో పుట్టినవాళ్లకు మేలోనే కేకు కోసి, కవరిచ్చి, ఫిబ్రవరిలో తీసుకెళ్లండి.

4. నడిపేవాళ్లను ప్రశ్నలడగండి

బెలూన్ కూడా విమానం కిందే లెక్క. దానికి, దాని పైలట్‌కు డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉండాలి. "మాకు పదేళ్ల అనుభవం సార్" అనేది జవాబు కాదు. అడగాల్సినవి:

- డీజీసీఏ అనుమతి, పైలట్ లైసెన్సు ఉన్నాయా, వివరాలు పంపుతారా?
- ప్రయాణికులకు ఇన్సూరెన్స్ ఉందా?
- బుట్టలో ఎంతమంది?
- గాలి బాగాలేక రద్దయితే మొత్తం డబ్బు వాపసు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా? అది రాతలో పంపుతారా?
- బరువు హద్దు ఎంత?

నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. మధ్యలో ఏజెంటు ఉంటే ఈ ప్రశ్న ఏజెంటును కాదు, ఎగరేసేవాళ్లనే అడగాలి. మొదటిసారి నేను ఒక ఏజెంటు ద్వారా కట్టాను. రద్దయ్యాక కంపెనీవాళ్లు "వాపసు ఇచ్చేశాం" అన్నారు, ఏజెంటు "రాలేదు" అన్నాడు. ఆరు వారాలు ఇద్దరి మధ్య కబడ్డీ ఆడాను.

బరువు విషయంలో మొహమాటం వద్దు. పైన లెక్క చూశారు కదా, ప్రతి కిలో లెక్కే. ఆడవాళ్ల బరువు అడగడానికి సిగ్గుపడి "అరవై ఉంటదేమో" అని రాసేస్తారు కొందరు. అక్కడ కాటా ఉంటే దొరికిపోతారు, లేకుంటే పైలట్ లెక్క తప్పుతుంది. వంద కిలోలు దాటినవాళ్లు ముందే చెప్పాలి, కొన్నిచోట్ల అదనపు డబ్బు తీసుకుంటారు.

5. తేదీలు వేసుకోవడం

మూడు ఉదయాలు చేతిలో పెట్టుకుని మొదటి ఉదయానికి బుక్ చేయండి. అది రద్దయితే రెండోది, అదీ పోతే మూడోది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఊరంతా చూసి, చివరి రోజు పొద్దున బెలూన్, మధ్యాహ్నం రైలు. మేమూ అదే చేశాం. ఆ పొద్దున గాలి వీచింది, మూడింటికి రైలు, అంతే.

పుట్టినరోజు తేదీ ఆ మూడింట్లో ఒకటైతే సంతోషం. కాకపోతే కేకు ఆ రోజు, బెలూన్ కుదిరిన రోజు.

ఎగరాల్సిన రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోవాల్సి వస్తే రాత్రి రైలే. ఎక్కడ దిగుతామో పైలట్‌కు కూడా కచ్చితంగా తెలియదు. మనల్ని ఎక్కించుకోవడానికి బెలూన్ వెనకే వచ్చే బండి వెతుక్కుంటూ రావాలి, దారి సరిగ్గా లేని చేనులోనైతే ఇంకా ఆలస్యం.

6. కవరు ఇవ్వడం

టికెట్టు ప్రింటు తీసి ఇవ్వకండి, దానిమీద తేదీ ఉంటుంది. ఒక కాగితం మీద చేత్తో రాయండి: "నీకు ఒక ఉదయం బాకీ ఉన్నాను, ఆకాశంలో." నేను మా అక్కకు సకినాల డబ్బాలో పెట్టి ఇచ్చాను. ముందు సకినాలు తిని తర్వాత కాగితం చదివింది.

7. ముందు రోజు రాత్రి

వాతావరణం యాప్‌లో తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా గాలి వేగం చూడండి. గంటకు పది కిలోమీటర్లలోపైతే ఆశ పెట్టుకోవచ్చు. పదిహేను దాటితే రద్దుకు మనసు సిద్ధం చేసుకోండి. ఉరుముల మబ్బులు చుట్టుపక్కల ఎక్కడున్నా అంతే.

బట్టలు కాటన్‌వి. గాలిని వేడి చేసే మంట తలపైనే ఉంటుంది, నైలాన్ లాంటివి వేడికి ఇబ్బంది. చీర వద్దు. పుట్టినరోజు కదా అని పట్టుచీర కట్టుకొస్తే బుట్ట దాటడం కష్టం, కుచ్చిళ్లు పట్టుకోవడానికి ఒక చేయి పోతుంది. చున్నీ వేలాడకూడదు, జుట్టు ముడి వేయాలి. టోపీ తప్పనిసరి, ముఖ్యంగా బట్టతల ఉన్నవాళ్లకు. మా బావ మాట వినలేదు. దిగేదాకా నెత్తి మీద చేయి పెట్టుకునే ఉన్నాడు.

పొద్దున కాస్త చాయ్, రెండు బిస్కట్లు చాలు. పైన గంటసేపు బాత్‌రూం ఉండదు, గుర్తుంచుకోండి.

8. మైదానంలో: ఎగురుతుందా లేదా మీరే చూసుకోవచ్చు

చాయ్ బండి పొగ చూడండి. నిట్టనిలువుగా లేస్తుంటే బ్రహ్మాండం. ముఖానికి గాలి తెలుస్తూ ఆకులు గలగలమంటుంటే ఫర్వాలేదు. ఆకులు, చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే, జెండా రెపరెపలాడుతుంటే పైలట్ ముఖం చిన్నబోతుంది. పైలట్ ఒక చిన్న గ్యాసు బెలూన్ వదిలి, అది ఎటు పోతుందో తలెత్తి చూస్తాడు. పిల్లల ఆట కాదు, పైన ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తుందో అదే చెబుతుంది. బెలూన్‌కు స్టీరింగ్ లేదు. పైకీ కిందికీ పోయి, కావాల్సిన దిక్కుకు వీచే గాలిని వెతుక్కోవడమే పైలట్ విద్య.

రద్దు చేస్తే వాదించకండి. "ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి కొంచెం లేపండి" అని బతిమాలేవాళ్లను చూశాను. అప్పటికీ లేపే పైలట్ దొరికితే ఆయన బెలూన్ ఎక్కకండి.

ఫ్యాన్‌తో చల్లగాలి నింపేటప్పుడు దూరంగా నిలబడండి. తాళ్ల మీద కాలేయొద్దు, బట్ట మీద అసలే వద్దు. పైలట్ చెప్పే జాగ్రత్తలు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. మీతో వచ్చిన పెద్దవాళ్లకు అక్కడికక్కడే తెలుగులో చెప్పండి. దిగే భంగిమ చేసి చూపించకపోతే మీరే అడిగి చూపించుకోండి. అది చూపించకుండా ఎక్కించారంటే ఏదో హడావుడిలో ఉన్నారని అర్థం.

9. పైన

గాలి తగలదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. గాలితో పాటే పోతున్నాం కాబట్టి బుట్టలో గాలి కదలిక తెలియదు, వెంట్రుక కూడా కదలదు. మంట ఆగినప్పుడు కింద ఊళ్లో కుక్కల అరుపు, బోరింగు చప్పుడు, పిల్లలు "హలో" అని కేకేయడం అన్నీ వినబడతాయి. మంట వేసినప్పుడు మాత్రం చెవులు గింగురుమంటాయి, నెత్తి కాలుతుంది. మొదటిసారి ఎవరైనా ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి.

పైలట్ చేతికి దగ్గరున్న తాళ్లు, గొట్టాలు పట్టుకోవద్దు. వాటిలో ఒకటి బెలూన్ పైకప్పు తెరిచి వేడిగాలిని వదిలే తాడు. ఫోనుకు మెడతాడు కట్టుకోండి. జారితే కింద ఎవరో ఒకరి నెత్తి మీద పడుతుంది. మొదటి పది నిమిషాలు ఫోను తీయకపోతే ఇంకా మంచిది.

10. దిగడం

దెబ్బలు తగిలితే చాలావరకు ఇక్కడే తగులుతాయి, కాబట్టి నెమ్మదిగా చదవండి.

పైలట్ చెప్పగానే ఫోను, కెమెరా జేబులో పెట్టాలి. వీడియో తీద్దామన్న ఆశ వదులుకోవాలి. బుట్ట పోతున్న దిక్కుకు వీపు పెట్టి, వీపును బుట్ట గోడకు ఆనించాలి. మోకాళ్లు వంచి, పాదాలు దగ్గరగా పెట్టి, లోపల ఉన్న తాడు పిడులను రెండు చేతులా పట్టుకోవాలి. చేయి బుట్ట బయట ఉండకూడదు. కాళ్లు బిగదీసి నిటారుగా నిలబడితే ఆ దెబ్బ నేరుగా మోకాళ్లకు, వెన్నుకు తగులుతుంది.

బుట్ట ఒకటి రెండుసార్లు ఎగిరి పడొచ్చు. కొంత దూరం ఈడ్చుకుపోవచ్చు. పక్కకు ఒరిగి పడుకోనూ వచ్చు. గాలి ఉన్న రోజు ఇవన్నీ మామూలే, కంగారుపడి కేకలేయకండి.

బుట్ట ఆగగానే దూకొద్దు. ఇది మళ్లీ రాస్తున్నా: ఆగగానే దూకొద్దు. మీరు దిగిపోతే మీ బరువు తగ్గుతుంది, బెలూన్ మిగిలినవాళ్లతో మళ్లీ లేవొచ్చు. పైలట్ ఒక్కొక్కరి పేరు చెప్పి దింపేదాకా పట్టు వదలకూడదు. మా బుట్టలో ఒకాయన సంతోషం పట్టలేక కాలు బయటపెట్టాడు. పైలట్ అరిచిన అరుపుకు పక్క చేనులో కొంగలు లేచాయి.

దిగాక ఒళ్లు చూసుకోండి. కాసేపు మోకాళ్లలో నీరసం మామూలే. నడుములో పోటు, కాలు మోపితే నొప్పి ఉంటే "సర్దుకుంటదిలే" అనుకోకుండా అక్కడే సిబ్బందికి చెప్పి, డాక్టరుకు చూపించుకోండి. వరంగల్ వచ్చాక చెబితే ఇన్సూరెన్స్ వాళ్లు వినకపోవచ్చు. దిగింది ఎవరి చేనులోనో కాబట్టి పైరు తొక్కకుండా గట్టు మీదుగా నడవండి. రైతు వస్తే ముందు నమస్తే పెట్టండి.

ఎక్కలేనివాళ్లుంటే

కుటుంబంలో ఒకరు భయపడో ఆరోగ్యం బాగాలేకో ఆగిపోతే వాళ్లను హోటల్లో వదిలేయకండి. బెలూన్ వెనక పరుగెత్తే జీపులో చోటు ఉంటుందేమో అడగండి. మా చిన్నమ్మ అందులోనే కూర్చుంది. బెలూన్ ఎటు తిరిగితే అటు, ఎడ్లబండి బాటల్లో, చేల గట్ల మీద గంటసేపు దుమ్ములో తిరిగింది. మేము దిగేసరికి ఆమె మాకంటే ముందే ఆ చేను రైతు ఇంట్లో మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఆమెకు హిందీ రాదు, వాళ్లకు తెలుగు రాదు. అయినా వాళ్లకు ఎన్ని బర్రెలున్నాయో, ఎన్ని లీటర్ల పాలిస్తాయో అప్పటికే అన్నీ తెలుసుకుంది.